ఒక పియానో, నాలుగు చేతులు: విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల ఛాంబర్ సంగీతం

ఐరోపా సంగీతంలో ఛాంబర్ మ్యూజిక్ అని ఒక శాఖ వుంది. ఛాంబర్ అంటే గది. దేవాలయానికీ నాటకశాలకూ చెందక, ప్రభువుల యింటి గదుల్లో కొద్దిమంది వాద్యకారులు కూర్చుని వాయించిన సంగీతం గనుక దానికా పేరు వచ్చింది. ఇద్దరు మొదలుకొని యెనిమిది తొమ్మిదిమంది వరకూ యిందులో పాల్గొంటారు. ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్కరే వాయిస్తారు. ముందు నిలబడి చేతికర్రతో నడిపించే నాయకుడు వుండడు. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో కలిసిన స్ట్రింగ్ క్వార్టెట్ దీనికి పరిపక్వ రూపమని చెబుతారు. ఒకే పియానో ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని నాలుగు చేతులతో వాయించే యుగళ వాదనం దీనిలోనే మరొక రూపం. బహుశా అన్నిటికంటే గృహజీవితానికి దగ్గరైన రూపం.

ఆ ప్రభువులు పోయారు. వారి గదులు ప్రదర్శనశాలలయ్యాయి. నేడు యీ సంగీతానికి మిగిలిన ముఖ్యమైన ఆశ్రయాల్లో విశ్వవిద్యాలయం ఒకటి. 2023-24 విద్యా సంవత్సరంలో పరిశోధన పని మీద అమెరికాలోని ఒక రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో వున్న కాలంలో, అక్కడి విద్యార్థులు యిచ్చే యిటువంటి కచేరీలు పాతిక దాకా విన్నాను. సంగీతంలో నాకు పట్టా లేదు. సాహిత్య విద్యార్థిగా, మన జానపద కళారూపాల మధ్య పెరిగిన శ్రోతగా విన్నాను. వాటిని గురించి యీ పత్రికలో రాయడానికి కారణం, కళకూ వర్గానికీ, వ్యక్తికీ సమష్టికీ గల సంబంధాన్ని గురించి మనం చాలాకాలంగా వాదించుకుంటున్న కొన్ని విషయాలు ఆ చిన్న కచేరీల్లో చాలా తేటగా కనిపించడమే.

యీ సంగీతం ప్రస్తావన వస్తే మనలో రెండు రకాల మాటలు వినబడతాయి. మొదటిది: యిది దొరల సంగీతం, ప్రజల కళతో దీనికి సంబంధం లేదు, మనకు దీనితో పని యేమిటి? రెండవది దీనికి సరిగ్గా యెదురు: స్వరానికి వర్గం లేదు, మాటలు లేని శుద్ధ సంగీతంలోకి సమాజాన్ని లాగడం అరసికత. మొదటి మాట అనేవారు కళ పుట్టిన యింటిని చూసి దాని జాతకం రాసేస్తున్నారు. రెండవ మాట అనేవారు అసలది యే యింట్లో పుట్టిందో అడగవద్దంటున్నారు. నా వుద్దేశంలో యీ రెండూ తప్పే. ఒక కళారూపం యెవరి సొమ్ముతో పుట్టింది అన్న ప్రశ్న యెంత అవసరమో, ఆ రూపం తనలో పాల్గొనే మనుషుల మధ్య యెటువంటి సంబంధాన్ని నిర్మిస్తుంది అన్న ప్రశ్న కూడా అంత అవసరం. ఛాంబర్ సంగీతం విషయంలో యీ రెండు ప్రశ్నలకూ వచ్చే జవాబులు ఒకదానికొకటి విరుద్ధంగా వుంటాయి. ఆ వైరుధ్యమే విద్యార్థుల కచేరీల్లో నేటికీ నడుస్తున్నది.

మొదటి ప్రశ్నకు చరిత్ర దాపరికం లేకుండా జవాబు చెబుతుంది. స్ట్రింగ్ క్వార్టెట్‌కు రూపం దిద్దిన హైడన్ 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరాడు. ఆ కొలువు ఒప్పందం ప్రకారం అతడు బంట్రోతు వేషం వంటి వుడుపు ధరించి, రోజూ వెలుపలి హాలులో నిలబడి, నేడు సంగీతం కావాలా వద్దా అని దొరగారి చిత్తం కనుక్కోవాలి. మోజార్ట్ 1781లో వియన్నాలో తన యజమాని అయిన ఆర్చిబిషప్ పరివారంతో వున్నప్పుడు అతణ్ణి భోజనానికి కూర్చోబెట్టింది సేవకుల బల్ల దగ్గర, వంటవాళ్ల సరసన. ఆ సంవత్సరమే అతడా కొలువు వదిలేశాడు. షూబర్ట్ 1818లోనూ 1824లోనూ ఎస్టర్‌హాజీ వంశపు మరొక శాఖకు చెందిన కౌంటు యింట్లో, నేడు స్లొవేకియాలో వున్న జెలిజ్ గ్రామంలో, ఆడపిల్లలకు సంగీతం చెప్పాడు. మొదటిసారి వెళ్లినప్పుడు అతనికి బస యిచ్చింది దివాణపు వుద్యోగులుండే చోటనే.

అయితే యిక్కడే ఒక విచిత్రం వుంది. పాఠం చెప్పే వేళకు షూబర్ట్ కూర్చున్నది యెక్కడ? కౌంటు కూతురి పక్కన. నాలుగు చేతుల సంగీతంలో గురువు శిష్యురాలి వెనక నిలబడి తప్పులు దిద్దడు. పక్కన కూర్చుని తన భాగం తాను వాయిస్తాడు. ఆమె లేకపోతే అతని సంగీతానికి పైసగం లేదు. అతడు లేకపోతే ఆమె సంగీతానికి పునాది లేదు. భోజనాల బల్ల దగ్గర వున్న అంతరం పియానో బల్ల దగ్గర ఆ కాసేపు చెల్లదు. షూబర్ట్ 1828లో, తాను చనిపోయిన సంవత్సరంలో, రాసిన ఎఫ్ మైనర్ ఫాంటాసియా యీ రూపంలో అత్యున్నతమైన రచనల్లో ఒకటి. దాన్ని ఆనాటి శిష్యురాలు కరొలీన్ ఎస్టర్‌హాజీకే అంకితం చేశాడు. దీని నుంచి కొందరు ప్రణయకథలు అల్లారు. నాకు వాటితో నిమిత్తం లేదు. ఆ సమాజం యివ్వని సమానతను ఆ రూపం యిచ్చింది. అదీ గమనించవలసిన విషయం.

పైగా యీ సంగీతం చాలాకాలం ప్రభువుల గదుల్లోనే వుండిపోలేదు. హైడన్ 1781లో తన కొత్త క్వార్టెట్లకు వుత్తరాలు రాసి చందాదారులను కూర్చుకున్నాడు. మరుసటి యేడు అవి అచ్చులో వచ్చాయి. అచ్చుయంత్రంతో పాటు మధ్యతరగతి యింటికి క్వార్టెట్టూ, పియానో యుగళమూ వచ్చాయి. గ్రామఫోను లేని రోజుల్లో, పట్నంలో పెద్ద వాద్యబృందం వాయించే సింఫనీని చిన్న వూళ్లోని మనిషి తెలుసుకోవడానికి వున్న మార్గం దాని నాలుగు చేతుల ప్రతిని తెప్పించుకుని, ఇంట్లోనో యిరుగుపొరుగులోనో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని వాయించుకోవడమే. బ్రామ్స్ తన సింఫనీలకు యిటువంటి ప్రతులు తానే తయారు చేశాడు. డ్వోర్జాక్ పేరు ఐరోపా అంతటా మోగింది 1878లో వచ్చిన స్లావోనిక్ నృత్యాలతో. అవి మొదట నాలుగు చేతుల పియానోకు రాసినవే. అంటే అప్పటికి యీ రూపం చదువుకున్న సంసారుల గ్రంథాలయం వంటిదయింది. వినడం అంటే చదవడం; చదవడం అంటే మరొకరితో కలిసి చదవడం.

జర్మన్ మార్క్సిస్టు విమర్శకుడు అడోర్నో 1933లో తన బాల్యంలోని నాలుగు చేతుల వాదనాన్ని స్మరిస్తూ ఒక వ్యాసం రాశాడు. తర్వాత 1962లో ప్రచురించిన సంగీత సామాజికశాస్త్ర గ్రంథంలో ఛాంబర్ సంగీతానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. యీ సంగీతం మొదట వాయించేవాడి కోసం పుట్టింది, శ్రోత తర్వాత వచ్చాడు అన్నది అతని పరిశీలనల్లో ముఖ్యమైనది. అది నిజం. కాని బూర్జువా గృహపు ఏకాంతం కూలిపోవడంతో యీ కళకు నిలవనీడ లేకుండా పోతున్నదన్న అతని నిరాశను నేను పూర్తిగా అంగీకరించలేను. ఆ గృహానికి బదులుగా వచ్చిన స్థలాలు వున్నాయి. వాటిలో విశ్వవిద్యాలయం ముఖ్యం.

దీనికి ఒక మంచి వుదాహరణ అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం. మాడిసన్ నగరంలోని యీ విశ్వవిద్యాలయం పేరు, వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాల పాటు అక్కడ తెలుగు బోధించడం వల్ల మన సాహిత్య పరిశోధకులకు పరిచితమైనదే. విశ్వవిద్యాలయపు చదువు రాష్ట్రంలోని ప్రతి కుటుంబానికీ చేరాలన్న ఆశయాన్ని యిరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే అక్కడి అధ్యక్షుడు వాన్ హైస్ ప్రకటించాడు. 1912 ప్రాంతంలో బ్రస్సెల్స్ సంగీత విద్యాలయపు విద్యార్థులు స్థాపించుకున్న ప్రో ఆర్తే క్వార్టెట్ 1940 మే నెలలో మాడిసన్‌లో బీథోవెన్ క్వార్టెట్లు వాయిస్తుండగా, మే 10న నాజీ సైన్యాలు బెల్జియం మీద పడ్డాయి. తిరిగి వెళ్లడానికి వారికి దేశం లేకుండా పోయింది. విశ్వవిద్యాలయం వారిని వుంచుకుంది. ఒక క్వార్టెట్ మొత్తాన్ని విశ్వవిద్యాలయం తన ఆస్థానంలో నిలుపుకోవడం అమెరికాలో అదే మొదలని చెబుతారు. 1944లో దానికి నాయకత్వం వహించడానికి వచ్చిన రూడల్ఫ్ కోలిష్ కూడా వియన్నా విడిచి వచ్చినవాడే. ఫాసిజం తరిమిన కళాకారుల బృందానికి ప్రజల పన్నుతో నడిచే విద్యాలయం ఆశ్రయం యిచ్చింది. అప్పటి నుంచి యెన్నో విశ్వవిద్యాలయాలు యీ దారి పట్టాయి. హైడన్ దొరగారి హాలులో నిలబడి చిత్తం కనుక్కున్న నాటి నుంచి యిది చిన్న ప్రయాణం కాదు.

ఇక విద్యార్థుల సంగతి. నేను వున్న విశ్వవిద్యాలయంలో ప్రతి అర్ధసంవత్సరం చివరా నాలుగైదు సాయంత్రాలు ఛాంబర్ బృందాలకు కేటాయిస్తారు. టిక్కెట్టు లేదు. నూటయాభై మంది పట్టే హాలు. వేదిక మీదికి వచ్చేవారిలో సంగీత విద్యార్థులే కాదు, యింజనీరింగు, రసాయనశాస్త్రం చదివేవారు కూడా వుంటారు. పాఠం చెప్పిన ఆచార్యులు వెనక వరసలో కూర్చుంటారు. కచేరీ మొదలైన తర్వాత వారు చేయగలిగింది యేమీ లేదు.

ఒక సాయంత్రం రెండు యుగళాలు వరసగా విన్నాను. మొదటి జంట రావెల్ రాసిన మా మేర్ లోయా వాయించింది. రావెల్ దీన్ని గొదెబ్స్కీ దంపతుల యిద్దరు పిల్లల కోసం రాశాడు. 1910లో మొదటిసారి సభలో వాయించింది కూడా యిద్దరు బాలికలే. అందులో మొదటి ఘట్టం యిరవై కొలతలు మాత్రమే. వేళ్లకు యే కష్టమూ లేదు. ఆ జంటలో యిద్దరూ ఆరితేరిన పియానిస్టులు. అయినా అది పండలేదు. ఎందువల్ల? ఒకామె ప్రతి చిన్న పదబంధం చివరా కొంచెం ఆగి సొగసు చూపుతున్నది. పక్కనున్నతడు మరొక చోట ఆగి మరొక సొగసు చూపుతున్నాడు. ఎవరి సొగసు వారిది. ఇద్దరూ ఒకే క్షణంలో వాయిస్తున్నారు గాని కలిసి వాయించడం లేదు. ఒంటరి వాదనంలో గుణంగా చెల్లే భావస్ఫూర్తి యిక్కడ పక్కవాడి వూపిరిని తొక్కేస్తుంది. రచన యెంత సులువైతే యీ దోషం అంత బయటపడుతుంది.

రెండవ జంట వాయించింది షూబర్ట్ ఫాంటాసియా. పైభాగం వాయించినామె కంప్యూటరు శాస్త్ర విద్యార్థిని. కిందిభాగం వాయించినతడు బడిపిల్లలకు సంగీతం చెప్పే వుపాధ్యాయ శిక్షణలో వున్నవాడు. ఇద్దరి వేళ్లూ మొదటి జంట వేళ్లంత చురుకైనవి కావు. నృత్యఘట్టంలో కొన్ని స్వరాలు రాలిపోయాయి కూడా. కాని నేనా సంవత్సరం విన్న వాటిలో మనసుకు నిలిచినది అదే. దానికి కారణం చెప్పడం విమర్శకుడి బాధ్యత.

ఫాంటాసియాలో కిందిభాగం మెల్లగా అలలాడుతుండగా పైభాగం ఒక పల్లవి యెత్తుకుంటుంది. దీనంగా అడుగుతున్నట్టు వుండే పల్లవి. అది మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకసారి మైనర్ నుంచి మేజర్‌కు మారి, కన్నీళ్ల మధ్య చిరునవ్వులా వస్తుంది. పాడే భాగం పైదే కాబట్టి, కిందివాడిది పక్కవాద్యం అని మనమనుకుంటాము. కాని స్వరాలను సాగదీసి కలిపే పెడల్ మాత్రం మామూలుగా కిందిభాగం వాయించేవాడి కాలికింద వుంటుంది. అంటే ఆమె పాట యెంతసేపు మోగాలో నిర్ణయించేది అతని పాదం. తన చేతుల కోసం కాక ఆమె చేతుల కోసం అతడు పెడల్ తొక్కాలి. ఆ కుర్రవాడు అదే చేశాడు. ఆమె పదబంధం ముగిసేదాకా వుంచి, ముగిసిన క్షణాన పాదం తీస్తున్నాడు. మధ్యస్థాయిలో ఆమె యెడమచెయ్యీ అతని కుడిచెయ్యీ ఒకే మెట్ల మీదికి వచ్చినప్పుడు ఒకరు చెయ్యి యెత్తి చోటిస్తున్నారు. సంగీతం కళ్లముందు శ్రమవిభజనగా కనిపించే చోటు యిది.

చివరి ఘట్టంలో ఫ్యూగ్ వస్తుంది. ఒక గొంతు యెత్తుకున్న మాటను రెండో గొంతు, మూడో గొంతు అందుకుంటూ, అన్నీ ఒకేసారి వాదిస్తున్నట్టు పెరిగిపోయే నిర్మాణం అది. అక్కడ ఆమె కొంచెం తొందరపడింది. అతడు ఆమె వెంట పరుగెత్తలేదు, ఆమెను ఈడ్చనూ లేదు. లోస్థాయి స్వరాలను మరికొంచెం నిక్కచ్చిగా మోగించాడు. నాలుగు కొలతలు తిరిగేసరికి ఆమె కాలప్రమాణానికి వచ్చింది. ఫ్యూగ్ తారస్థాయికి చేరి హఠాత్తుగా ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నుంచి మొదటి పల్లవి మళ్లీ రావాలి. దాన్ని యెప్పుడు మొదలుపెట్టాలో చెప్పేవారు యెవరూ లేరు. ఇద్దరూ తలలు తిప్పలేదు. ఇద్దరి భుజాలూ ఒక్కసారే కొంచెం లేచాయి, వూపిరి తీసుకున్నారు, పల్లవి వచ్చింది. నెలల తరబడి ఒక గదిలో ఒక బల్ల మీద కూర్చున్నవారికి మాత్రమే సాధ్యమయ్యే పని అది.

తెలుగువాడికి యిది బొత్తిగా పరాయి విద్య కాదు. జంటకవులు మనకు కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల పద్యాల్లో యేది దివాకర్ల తిరుపతిశాస్త్రిది, యేది చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిది అని తేల్చబోయినవారు చాలామంది భంగపడ్డారు. 1920లో తిరుపతిశాస్త్రి మరణించిన తర్వాత కూడా వేంకటశాస్త్రి జంట పేరుతోనే ప్రచురించారు. వేంకట పార్వతీశ కవులు, పింగళి-కాటూరి కవులు ఆ దారిలోనివారే. అయినా మన సాహిత్య చరిత్రల్లో జంటకవిత్వం ఒక ముచ్చటగా, అవధాన సభల వింతగా మిగిలిందే తప్ప, ఇద్దరు ఒక వాక్యాన్ని యెలా నిర్మిస్తారు, ఒకరి అహం యెక్కడ వెనక్కు తగ్గుతుంది అన్న ప్రశ్నను విమర్శ గట్టిగా వేయలేదు. రచన అంటే వ్యక్తి ప్రతిభ అన్న నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది. సమష్టి అని సభల్లో చెబుతూ, విమర్శలో మాత్రం మనం ఒంటరి మహాకవులను లెక్కపెడుతున్నాము.

మరొక సాయంత్రం నలుగురు విద్యార్థులు డ్వోర్జాక్ ఎఫ్ మేజర్ క్వార్టెట్ వాయించారు. అమెరికన్ అన్న పేరుతో ప్రసిద్ధమైన దీని పుట్టుక యెరిగితే, దొరల సంగీతం అన్న మాట యెంత అసంపూర్ణమో తెలుస్తుంది. డ్వోర్జాక్ కసాయివాడి కొడుకు. 1893 వేసవిలో అయోవా రాష్ట్రంలో చెక్ వలస రైతులు స్థిరపడిన స్పిల్‌విల్ అనే పల్లెకు వెళ్లి, జూన్ నెలలో పదహారు రోజుల్లో దీన్ని రాశాడు. రాయగానే మొదటిసారి వాయించి చూసింది ఆ పల్లె బడిపంతులు కొవార్జిక్ కుటుంబంతో కలిసి. మొదటి వయొలిన్ తానే పట్టుకున్నాడు. బోస్టన్ సభ ఆ తర్వాతి సంగతి.

యీ క్వార్టెట్‌లో మొదటి పల్లవిని యెత్తుకునేది మొదటి వయొలిన్ కాదు, సాధారణంగా వెనక వుండిపోయే వియోలా. దాని స్వరాలు విన్న మన శ్రోతకు చప్పున మోహన గుర్తు వస్తుంది. స్వరాలు మోహనవే, రాగం మోహన కాదు. గమకం లేదు, ఆధారశ్రుతి మీద నిలిచే తపస్సు లేదు. పల్లవి ఒక వాద్యం నుంచి మరొక వాద్యానికి చేయిమారుతూ శ్రుతినే మార్చుకుంటూ పోతుంది. ఆ నలుగురిలో వియోలా వాయించిన అమ్మాయి ధైర్యంగా యెత్తుకుంది. మొదటి వయొలిన్ కుర్రవాడు మాత్రం తన వంతు రాగానే కచేరీ తనదే అన్నట్టు వాయించి, తక్కిన ముగ్గురినీ కాసేపు కప్పేశాడు. నిదానపు ఘట్టం చివర పాట చెల్లోకు చేరినప్పుడే వారు మళ్లీ నలుగురయ్యారు. చివరి ఘట్టంలో రైలు పరుగు లాంటి లయ నడుస్తుండగా రెండవ వయొలిన్ లెక్క తప్పింది. సభలో యెక్కువమందికి తెలియలేదు. చెల్లో వాయించే విద్యార్థి తన లయను కొంచెం గట్టిగా వినిపించాడు, వియోలా అమ్మాయి తల వూపింది, తప్పినామె రెండు కొలతలు మౌనంగా వుండి సరైన చోట యెక్కింది. పరీక్ష పత్రంలో మార్కులు పోయే చోటు అది. నా దృష్టిలో ఆ బృందం చదువు ఫలించిన చోటు కూడా అదే.

ఇక్కడ మన బుర్రకథ గుర్తు రాకుండా వుండదు. 1943లో యేర్పడిన ప్రజానాట్యమండలి వేదికల మీద షేక్ నాజర్ చేతిలో ఆ రూపం యెంత పదునెక్కిందో యీ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. కథకుడు, ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. ముగ్గురి మధ్య మాట బంతిలా తిరుగుతుంది. కథకుడి ఆవేశాన్ని వంత ఒక్క వెక్కిరింతతో నేలకు దించగలడు. ప్రజలకు చేరడంలో బుర్రకథ ముందు క్వార్టెట్ నిలవదు. దానికి మాట వుంది, వూరు వుంది, వేలమంది శ్రోతలు వున్నారు. కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. బుర్రకథలో కథకుడు కథకుడే, వంత వంతే. వారి స్థానాలు మారవు. శాస్త్రీయ కచేరీలో మృదంగానికి తని ఆవర్తనం యిచ్చినా ప్రధాన గాయకుడి పెద్దరికం చెదరదు. క్వార్టెట్‌లో యీ కొలతలో కథకుడైనవాడు వచ్చే కొలతలో వంత అవుతాడు. పెత్తనం చేయి మారుతుంది. రాజుల యింట పుట్టిన రూపంలో యీ గుణం వుండడమూ, ప్రజల మధ్య పుట్టిన మన రూపాల్లో అంతరాలు గట్టిగా వుండడమూ చూస్తే, కళకూ దాన్ని పోషించిన వర్గానికీ వున్న సంబంధం అద్దానికీ ముఖానికీ వున్న సంబంధం కాదని స్పష్టమవుతుంది.

ఇంతవరకు చెప్పినది ఒక పక్క. రెండో పక్క చెప్పకపోతే యీ వ్యాసం పొగడ్త అవుతుంది.

కచేరీకి టిక్కెట్టు లేదన్నాను. కాని వేదిక యెక్కడానికి టిక్కెట్టు వుంది. దాన్ని పదేళ్ల ముందే కొనాలి. పద్దెనిమిదేళ్లకు డ్వోర్జాక్ క్వార్టెట్ వాయించగలిగిన పిల్ల యేడెనిమిదేళ్లకే వయొలిన్ పట్టి వుండాలి. ఆ వాద్యం, వారం వారం పాఠం చెప్పే గురువు, పాఠానికి తీసుకువెళ్లే తీరిక వున్న తల్లి లేక తండ్రి, సాధన చేస్తే పొరుగువాడు తలుపు కొట్టని యిల్లు — యివన్నీ వుండాలి. బడిలో వాద్యబృందం వున్న చోట కొందరు పేదపిల్లలు యీ దారిలోకి వస్తారు. ఆ బడి బీదదైతే మొట్టమొదట కోతపడేది సంగీతం పంతులు మీదే. అందుచేత రూపంలో వున్న సమానత ఆ రూపం దగ్గరకు చేరే దారిలో లేదు. బల్ల మీద కూర్చున్న యిద్దరూ సమానులే. బల్ల దాకా రాలేకపోయినవారిని గురించి సంగీతం యేమీ చెప్పదు. స్వరానికి వర్గం లేదనే శుద్ధ కళావాది యిక్కడ నోరు మెదపలేడు.

శ్రోతలను చూసినా యిదే కనిపించింది. హాలులో సగం మంది వాయించేవారి స్నేహితులు, కుటుంబాలు. మిగిలినవారిలో యెక్కువమంది వయసు మళ్లిన పట్టణవాసులు. ఆ భవనాన్ని రోజూ తుడిచే మనుషులు ఆ సాయంత్రాల్లో బయటి వసారాలో పని చేసుకుంటున్నారు. తలుపు తెరిచే వుంది, ఎవరూ వద్దనలేదు. తెరిచిన తలుపు ఒక్కటే చాలదని గ్రహించడానికి యింతకంటే నిదర్శనం అక్కరలేదు.

అయితే యీ కారణం చేత ఆ కళను దొరలకే వదిలేయాలా? అలా వదలడం పేదవాడి పట్ల గౌరవం కాదు. మనం పద్యం విషయంలో ఆ పని చేయలేదు. సంస్కృత పండితుల చేతిలో వున్న చదువును ప్రజల భాషలోకి తెచ్చుకోవడానికి పోరాడిన వారసత్వం మనది. ఒక కళారూపంలో మనుషులు ఒకరినొకరు విని నడుచుకునే పద్ధతి వుంటే, ఆ పద్ధతి అందరి హక్కు కావాలని అడగడమే అభ్యుదయ దృష్టి.

దీనికి మనం పియానోలు దిగుమతి చేసుకోనక్కరలేదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలిసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా వుండగా, ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ బోధించారు. పడమటి వాద్యాన్ని మన బాణీకి లొంగదీసుకున్న సంప్రదాయం మనకుంది. మనకు కొరతగా వున్నది వాద్యం కాదు, కలిసి సాధన చేసే అలవాటు. కళాశాలల్లో బృందగానం అంటే యువజనోత్సవానికి పదిరోజుల ముందు పదిమందిని పోగుచేసి, ఒకే పాటను ఒకే గొంతుగా పాడించి, బహుమతి రాగానే చెదరగొట్టడం. పదిమంది ఒకే స్వరం పాడితే అది బలం కావచ్చును. నలుగురు నాలుగు స్వరాలు పాడుతూ కలిసి వుండడం వేరే చదువు. రెండు వీణలు, లేదా ఒక వీణ, ఒక వేణువు, ఒక వయొలిన్, ఒక డప్పు, వారానికి రెండు గంటలు, ఒక పంతులు, పోటీ లేదు, బహుమతి లేదు, చివర తోటి విద్యార్థుల ముందు ఒక సాయంత్రం. ఇంతకు కావలసిన ఖర్చు యే కళాశాల అయినా భరించగలదు.

పోటీ లేకపోవడం యిందులో ప్రాణం వంటిది. నేను విన్న కచేరీల్లో మొదటి స్థానం, రెండో స్థానం లేవు. అందువల్లనే వేళ్లు నెమ్మదైన ఆ రెండో జంట మొదటి జంట తర్వాత నిర్భయంగా వేదిక యెక్కగలిగింది. మార్కుల కోసం ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఒకరి కాగితం ఒకరికి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోవడమే చదువు అని పదిహేనేళ్లు నేర్పిన పిల్లలకు, పక్కవాడి చెయ్యికి చోటివ్వడం నేర్పే గంట విశ్వవిద్యాలయంలోనైనా ఒకటి వుండాలి. అది సంగీత శాఖ పని మాత్రమే కాదు. సాహిత్యం చెప్పే మా వంటివారి తరగతుల్లో కూడా ఇద్దరు కలిసి ఒక పద్యాన్ని చదివి, కలిసి ఒక వ్యాసం రాసి, కలిసి దానికి జవాబు చెప్పే ఏర్పాటు నేటికీ లేదు. ముందుగా మా తరగతి గదిలో ఆ పని మొదలుపెట్టిన తర్వాతే ఇతరులను అడగడం న్యాయం.